ప్రింటర్ విప్పిన ఆదివారం

ఇవాళ టిఫిన్ కాగానే పాత ఇంక్‌జెట్ ప్రింటర్ ముందేసుకుని కూర్చున్నాను. నిన్న పాత సామాన్లవాడు వీధిలోకి వచ్చినా మా ఆవిడ దాన్ని ఇవ్వలేదు. “ముందు మీరు విప్పి చూసుకోండి, మిగిలింది వేసేద్దాం” అంది. లోపల ఏం దొరుకుతాయో ఈపాటికి తనకీ తెలుసు. తెల్లటి పళ్ల చక్రాలు, సన్నటి ఇనప కడ్డీలు, స్ప్రింగులు, కాగితాన్ని లాగే రబ్బరు రోలర్లు. ఇవన్నీ నేను కడుతున్న సరుకుల నౌకకి.

నౌకంటే అంతరిక్ష నౌక, ఊహలోంచి పుట్టింది. ఒళ్లు పీవీసీ పైపు, పక్కలకి సన్‌బోర్డు అనే తేలికపాటి ప్లాస్టిక్ పలక. పొడవు 40 సెంటీమీటర్లు. స్కేలు 1:350 పెట్టుకున్నాను, అంటే అసలు నౌక 140 మీటర్లన్నమాట. ఈ లెక్కన 44 మీటర్ల పీఎస్‌ఎల్‌వీ రాకెట్ పన్నెండున్నర సెంటీమీటర్లకి వస్తుంది. 109 మీటర్ల అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 31 సెంటీమీటర్లు. మనుషులు నిజంగా కట్టినవాటి పక్కన పెట్టి చూసుకుంటేనే నాకు ఈ నౌక మీద నమ్మకం కుదురుతుంది. మనిషేమో 5 మిల్లీమీటర్లు. ఏ ముక్క చేతికొచ్చినా, ఆ 5 మిల్లీమీటర్ల మనిషి దీని పక్కన నిలబడితే ఇది ఏమై ఉంటుంది అని చూస్తాను.

పొద్దుటంతా ఒక్క చక్రంతోనే గడిచింది. అడ్డంగా 2 సెంటీమీటర్లు, నౌక మీద అది 7 మీటర్లు. పళ్లు కనిపించాయంటే ఎవరైనా ‘ప్రింటర్ గేరు’ అని పోల్చేస్తారు. అందుకని సాండ్‌పేపర్ మీద తిప్పుతూ పళ్లని సగం దాకా అరగదీశాను. మధ్య రంధ్రంలో సిరంజి సూది మూతని తలకిందులుగా దింపి, చుట్టూ వైరులోంచి తీసిన రాగి తీగని ఒక వరస చుట్టాను. సందుల్లో వంటసోడా చల్లి ఫెవిక్విక్ చుక్క వేస్తే క్షణంలో రాయిలా గట్టిపడుతుంది, వెంటనే అరగదీయొచ్చు కూడా. ఇప్పుడది వేరే నౌక వచ్చి తగులుకునే డాకింగ్ ద్వారం. పక్కనే 6 మిల్లీమీటర్ల తలుపు గీతలు గీశాను. ఆ తలుపు పడగానే చక్రం ఒక్కసారిగా పెద్దదైపోయింది!

సినిమాలకి మోడళ్లు కట్టినవాళ్ల పనితనం ఎప్పుడు తలుచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది. 1977 నాటి ‘స్టార్ వార్స్’ మొదట్లో తెర పైనుంచి అంతూ పొంతూ లేకుండా సాగే ఆ పెద్ద నౌక మోడల్ దాదాపు మూడు అడుగులే. అది తరుముతున్న చిన్న నౌక మోడల్ దాదాపు ఆరు అడుగులు! దుకాణాల్లో అమ్మే యుద్ధ ట్యాంకుల, ఓడల, విమానాల కిట్లు కొని, అందులోని చిన్న చిన్న ముక్కలు అతికించి వాటికి ఆ భారీతనం తెచ్చారు.

అయితే ముక్కలు ఎక్కువైన కొద్దీ నౌక పెద్దదవుతుందన్న మాట నేను ఒప్పుకోను. నున్నటి ఖాళీ పలక ఉంటేనే పక్కనున్న గజిబిజికి విలువ. ఎడమ వైపు మూడొంతులు అలాగే వదిలేశాను, సన్నటి ప్యానెల్ గీతలు తప్ప ఏమీ పెట్టను.

సాయంత్రం ఎండ తగ్గాక మేడ మీదికి తీసుకెళ్లి బూడిదరంగు ప్రైమర్ స్ప్రే కొట్టాను. (లోపల ఎక్కడా థర్మాకోల్ వాడనిది ఇందుకే, స్ప్రే తగిలితే కరిగిపోతుంది.) పలచగా ఒక పూత, ఆరాక ఇంకోటి. తెల్ల గేరు, నీలం మూత, రాగి తీగ అన్నీ ఒకే లోహంలోంచి పోతపోసినట్టు కలిసిపోయాయి. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. మా ఆవిడ బట్టలు తీయడానికి వచ్చి, “మూత ఏదో నేనే చెప్పలేకపోతున్నాను” అంది. రాత్రి దాకా ఆ మాటే మనసులో ఉంది.

ఇక రేడియేటర్లు, అంటే నౌక వేడిని బయటికి పంపే పలకలు, మిగిలాయి. శూన్యంలో వేడిని మోసుకుపోయే గాలి ఉండదు, అదంతా రేడియేషన్‌గానే బయటికి పోవాలి. అంతరిక్ష కేంద్రానికి ఆ తెల్లటి పెద్ద పలకలు అందుకే. సినిమా నౌకల్లో చాలావాటికి అవి కనిపించవు, నా నౌకకి మాత్రం ఉండి తీరాలి. ఎలక్ట్రానిక్ భాగాల వేడిని లాగే అల్యూమినియం హీట్ సింకుల రెక్కలు అచ్చం సరిపోతాయి. శనివారం హైదరాబాద్ కోఠీలో ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే గుజరాతీ గల్లీకి వెళ్లి, రెక్కలు బాగా సన్నగా ఉన్నవి ఏరి తెచ్చుకోవాలి.