ఊళ్ళో అందరికీ నిమ్ము అనే చెప్పాం

పల్నాడులో ఫిబ్రవరి నెలలో ఎవరు దగ్గినా పట్టించుకునేవాళ్ళు ఉండరు. కల్లాల్లో మిర్చి ఎండుతుంటుంది, ఘాటు ఊరంతా పాకుతుంది. 2018 ఫిబ్రవరిలో నాకు మొదలైన దగ్గునీ ఆ ఖాతాలోనే వేశాను. మెడికల్ షాపులో సిరప్ కొనుక్కుని తాగాను. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. జాకెట్లు వదులైతే, పోన్లే, కాస్త సన్నబడ్డానని సంబరపడ్డాను కూడా.

సిగ్గుపడాల్సిన సంగతి ఏమిటంటే, అప్పటికి తొమ్మిదేళ్ళుగా నేను ఒక ప్రభుత్వాసుపత్రిలో ఐసీటీసీ, అంటే హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రంలో, కౌన్సెలర్‌ని. హెచ్‌ఐవీ పరీక్షకు వచ్చినవాళ్ళతో పరీక్షకు ముందూ తర్వాతా మాట్లాడటం నా పని. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ ప్రాణాలు ఎక్కువగా తీసేది టీబీయే. అందుకే వాళ్ళు వచ్చిన ప్రతిసారీ నాలుగు ప్రశ్నలు అడగాలి. దగ్గుందా? జ్వరమొస్తోందా? బరువు తగ్గారా? రాత్రిళ్ళు చెమటలు పడుతున్నాయా? ఎదుటివాళ్ళను రోజూ అడుగుతూనే ఉన్నాను. నన్ను నేను అడుక్కోలేదు.

మూడు వారాలు దాటాక మా ల్యాబ్ టెక్నీషియన్ అడిగింది. "ఆ దగ్గేంటక్కా? రేపు లేవగానే కళ్లె పట్టుకురా" అని డబ్బా చేతిలో పెట్టింది. మర్నాడు ఎంతసేపటికీ మైక్రోస్కోపు దగ్గర్నుంచి లేచి రాకపోతే నేనే లోపలికి వెళ్ళాను. రెండు ప్లస్‌లు. అంటే కళ్లెలో టీబీ క్రిములున్నాయి.

సీబీనాట్ అనే జన్యు పరీక్షలో, టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగే రకమేనని తేలింది. ఆరు నెలల మందులు. "ఆరు నెలలే కదా" అని నేను ఎంతమందితో అన్నానో.

టీబీ అని తేలిన ప్రతివాళ్ళకీ హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేయాలి. నాకు నేనే కౌన్సెలింగ్ చేసుకోలేను కదా, పక్క ఊరి సెంటర్‌కి వెళ్ళాను. అక్కడి అమ్మాయి నాకంటే చాలా చిన్నది. ట్రైనింగ్‌లో నేర్పిన మాటలే వరసగా చెబుతోంది. ఒక మాట తర్వాత ఏ మాట వస్తుందో నాకు తెలుసు. అయినా ఆ కాగితం ఇటు తిప్పేలోగా అరచేతులు తడిసిపోయాయి. నెగెటివ్. బస్టాండుకి వచ్చి బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. నెగెటివ్ అని చెప్పాక ఏడ్చేవాళ్ళు నా గదిలోనూ ఉండేవారు. వీళ్ళకి ఏడుపెందుకా అనుకునేదాన్ని.

నా బరువు 43 కిలోలు, కాబట్టి రోజుకు మూడు మాత్రలు, ఒకేసారి. వాటితోపాటు చేతులూ కాళ్ళూ తిమ్మిరెక్కకుండా బీ6 విటమిన్. మూత్రం నారింజ రంగులో వస్తుందని అందరికీ ముందే హెచ్చరించేదాన్ని నేనే. నాకు వచ్చినప్పుడు మాత్రం గుండె జారిపోయింది. మొదటి రెండు నెలలూ వికారం, కీళ్ళ నొప్పులు. ఇడ్లీ వాసన కూడా పడేది కాదు.

వాటన్నిటినీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది మా బాబు సంగతి. వాడికి నాలుగేళ్ళు, ఏ జబ్బూ లేదు. కానీ ఇంట్లో టీబీ ఉంటే ఆరేళ్ళలోపు పిల్లలకు ముందుజాగ్రత్తగా ఆరు నెలలు ఐసోనియాజిడ్ అనే టీబీ మందు ఇవ్వాలన్నది అప్పటి నియమం. రోజూ మాత్ర నూరి, నీళ్ళలో కలిపి పట్టేదాన్ని. "ఇది అమ్మ మందు, ఇది నా మందు" అని వాడు లెక్కపెట్టేవాడు. నేను ఇంకోవైపు చూసేదాన్ని.

అత్తయ్య మంచిదే, పథ్యం దగ్గర్నుంచి అన్నీ చూసుకుంది. ఒక్కటే అడిగింది: "ఊళ్ళో ఆ మాట అనకమ్మా, పిల్లకి సంబంధాలు చూస్తున్నాం." మా ఆడపడుచు గురించి. సరేనని అందరికీ ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందని చెప్పాం. నా గదిలో ఎవరైనా నిమ్ము అంటే "టీబీ అనండి, తప్పేం లేదు" అని సరిదిద్దేదాన్ని. ఇంట్లో నోరు రాలేదు. ఆ ఏప్రిల్‌లో కేంద్రం టీబీ ఉన్నవాళ్ళకు పౌష్టికాహారానికి నెలకు 500 రూపాయలివ్వడం మొదలుపెడితే, బ్యాంకు మెసేజ్ ఎవరైనా చూస్తారేమోనని మా ఆయనకు టెన్షన్.

ఎక్కడ అంటుకుందో ఎవరూ చెప్పలేరు. ప్రపంచంలో టీబీ వచ్చే ప్రతి నలుగురిలో ఒకరు మన దేశంవాళ్ళే, బస్సులోనైనా రావచ్చు. నా అనుమానం మాత్రం నా గది మీదే. ఒకే ఒక కిటికీ, అది ఓపీ క్యూ వైపుంది. హెచ్‌ఐవీ మాట బయటికి పోకూడదని తొమ్మిదేళ్ళు దాన్ని మూసే ఉంచాను, తలుపూ మూసేదాన్ని. వచ్చినవాళ్ళలో దగ్గేవాళ్ళు తక్కువేం కాదు. గుట్టుకి మంచిదైన గది ఊపిరికి చెడ్డది. వేరే గది ఇవ్వమని రెండుసార్లు రాసిచ్చాను. జవాబు రాలేదు.

సెప్టెంబరులో మందులు అయిపోయాయి. కళ్లెలో ఏమీ లేదు, బరువు 49కి వచ్చింది. ఆ నెల 10నే హెచ్‌ఐవీ చట్టం అమల్లోకి వచ్చింది, ఒప్పుకోకుండా ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదని. మంచి చట్టమే. కిటికీ మాత్రం ఇంకా క్యూ వైపే ఉంది.

టేబుల్ తిప్పేశాను. కిటికీ ఇప్పుడు నా వెనక, బార్లా తీసే ఉంటుంది. గాలి నా మీదుగా తలుపు వైపు పోవడానికి ఇంట్లోని పాత ఫ్యాన్ తెచ్చి పెట్టాను. అది గరగరమని ఒకటే మోత. మొన్న ఒక పెద్దాయన "ఆ ఫ్యానాపమ్మా, నీ మాట సగం వినపడట్లా" అన్నాడు.

"బయటివాళ్ళకి అసలు వినపడదు పెద్దయ్యా" అన్నాను.

ఆయన నా వెనక కిటికీలోంచి క్యూని ఒకసారి చూసి, కుర్చీ కొంచెం ముందుకు లాక్కున్నాడు.