దూది పుల్ల, రంగుల తెర

నేను చదువుతున్న వియన్నా లలితకళల అకాడమీలో చిత్రకళ, పాత చిత్రాల సంరక్షణ, రంగస్థల రూపకల్పన మూడింటినీ నేర్పుతారు. 1692లో పీటర్ ష్ట్రూడెల్ అనే చిత్రకారుడు మొదలుపెట్టిన ఈ అకాడమీకి 1822లో లాంబెర్గ్ అనే ప్రభువు తన చిత్ర సేకరణను రాసిచ్చాడు. డచ్ చిత్రకారుడు బాష్ వేసిన ‘అంతిమ తీర్పు’ ఇక్కడికి వచ్చింది అలాగే.

నాది సంరక్షణ విభాగం. ఇక్కడ ముందుగా నేర్చుకోవలసింది చేతిని ఆపుకోవడం. సన్నని పుల్లకు దూది చుట్టి, ఉమ్మితో తడిపి, చిత్రం మీద రుద్దకుండా మెల్లగా దొర్లించాలి. ఉమ్మిలోని ఎంజైములు మురికిని వదిలిస్తాయి. దూది గోధుమరంగుకు తిరిగితే కొత్తది చుట్టుకోవాలి. ఎరుపో నీలమో అంటితే ఆ క్షణమే ఆపేయాలి, ఎందుకంటే అది మురికి కాదు, చిత్రకారుడి రంగు. సాధన కోసం ఇచ్చిన పాత చెక్క పలక మీద ఒకసారి నా దూదికి లేత ఎరుపు అంటింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రంగు రాలిపోయిన చోట సన్నని నిలువు గీతలతో పూరించే పద్ధతి రోమ్‌లో, చిత్రాల సంరక్షణకు సిద్ధాంతం రాసిన చెజారే బ్రాండీ నేతృత్వంలో రూపుదిద్దుకుంది. దూరం నుంచి చూస్తే బొమ్మ నిండుగా ఉంటుంది, దగ్గరికి వెళితే ఏది పాతదో ఏది మనం వేసిందో తెలిసిపోతుంది. చూసేవారిని మోసగించని ఈ పద్ధతి మీద నాకు ఎనలేని గౌరవం.

రంగస్థల విభాగంలోని నా స్నేహితురాలు నేల మీద పరిచిన గుడ్డపై పొడవాటి పిడి కుంచెతో పాలరాతి స్తంభం వేస్తుంటే, పక్కన నిలబడిన నాకు బూడిదరంగు చారలు తప్ప ఏమీ కనిపించలేదు. నిచ్చెన ఎక్కి చూడమంది. ఎక్కి చూస్తే స్తంభమే!

అప్పుడు నాకు సురభి నాటకాల తెరలు గుర్తొచ్చాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన ఆ సమాజం ప్రదర్శనల్లో, కోటలూ అడవులూ గుడ్డ మీద నుంచే మన కళ్ల ముందుకు వస్తాయి. అలాంటి తెరను చుట్టిన ప్రతిసారీ రంగు కొంత బీటలు వారుతుంది. చుట్టకుండా గోడకు బిగిస్తే రంగు నిలుస్తుంది గానీ అది ఇక తెర కాదు. పనిలో ఉన్న తెరను పనిలోనే ఉంచి కాపాడాలన్నది నా పట్టుదల. అందుకే మేమిద్దరం తోలు జిగురు కలిపిన రంగును మీటరు గుడ్డ మీద పూసి, రోజూ చుట్టి విప్పుతూ, భూతద్దం కింద బీటలు లెక్కపెడుతున్నాం.