లిస్టులో లేని పిలకాయలు

మా చెల్లెలు సీఆర్పీ, అంటే చుట్టుపక్కల కొన్ని బళ్ళను చూసుకునే క్లస్టర్ రిసోర్స్ పర్సన్. బడి మానేసిన పిలకాయల్ని వెతికి మళ్ళీ బళ్ళో చేర్పించడం ఆమె పనుల్లో ఒకటి. ఈమధ్య ఒకరోజు ఆమె స్కూటీ షెడ్డులో ఉండిపోయింది. "మైపాడు రోడ్డులో ఒక పూట తిప్పన్నా" అంటే, పనైపోయాక బీచ్ దగ్గర చేపల పులుసు తినొచ్చు గదా అని బండి తీశా.

పొద్దున ఆరింటికే బయల్దేరదీసింది. పది దాటితే ఇళ్ళకు తాళాలంట. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట దాకా వరి, ఆ తర్వాత ఉప్పుగాలి తగిలేసరికి రోడ్డుకు అటూ ఇటూ రొయ్యల గుంటలే.

ఆమె ఫోన్లో పదకొండు పేర్లున్నాయి. పోయినేడాది బడి రికార్డులో ఉండి ఈ ఏడాది ఎక్కడా తేలని పిల్లలు యూడైస్ అనే బళ్ళ ఆన్‌లైన్ రికార్డులో డ్రాప్‌బాక్స్ అనే లిస్టులో పడతారు. అందులో ఆరుగురు ప్రైవేటు బళ్ళలో శుభ్రంగా చదువుకుంటున్నారు, ఆధార్‌లో ఒక పేరు, రికార్డులో ఇంకో పేరు ఉండి కలవలేదంతే. నలుగురు అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళకు పోయుండారు. మిగిలిన పిల్లకు పెళ్ళయిపోయింది. పద్నాలుగేళ్ళు. మా చెల్లెలు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది, నేను బండి దగ్గరే నిలబడ్డా.

ఇక పులుసే అనుకుంటుంటే గుంట గట్టు మీద ఒక పిల్లోడు, చంకలో చెల్లెలు. బండి ఆపమంది. బడికి పోతున్నావా అని అడగదు ఈమె, అడిగితే అందరూ పోతుండామనే అంటారు. "నిన్న చిక్కీ ఇచ్చారా, రాగిజావా?" అంది. బళ్ళో పిల్లలకు ఇచ్చేవి అవి. వాడు తెల్లమొహం వేశాడు. అయిపోయింది, తెలిసిపోయింది.

వాళ్ళ నాయన విసురువల లాగుతున్నాడు. యానాదుల కుటుంబం, గుంట కాపలా, ఓనరు దగ్గర అడ్వాన్సు. పిల్లోడు వలలోంచి నాలుగు రొయ్యలు అరచేతిలో వేసుకుని "డెబ్బై కౌంటు ఉంటాదన్నా" అన్నాడు. అంటే ఏందిరా అన్నా. "కేజీకి డెబ్బై. నెంబరు తగ్గేకొద్దీ రేటెక్కువ." పెన్నిచ్చి డెబ్బై రాయమంటే పెన్నును పిడికిలితో పట్టుకున్నాడు.

వాడు ఏ బడి గడపా తొక్కలేదు కాబట్టి ఏ డ్రాప్‌బాక్స్‌లోనూ లేడు. ఒకసారన్నా చేరితేగదా మానేసినోళ్ళ లెక్కలోకి వచ్చేది! నాకు ఆ క్షణం దాకా ఈ ముక్క తట్టలేదు, ఇన్నేళ్ళుగా లిస్టు ఖాళీ అయితే పని అయిపోయినట్టే అనుకుంటున్నా.

వయసెంత అంటే వాళ్ళమ్మ వేళ్ళు లెక్కపెట్టి, "నెల్లూరు మునిగిందే, ఆ వానల్లో పుట్టినాడు మేడం" అంది. అంటే 2015 నవంబరు. పుట్టిన కాగితం లేదు, ఆధార్ లేదు.

మేం పోయిన బళ్ళో ఆధార్ లేకుండా ఎట్టా అన్నారు. 2010 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టమేమో వయసు కాగితం లేదని పిల్లల్ని వెనక్కి పంపకూడదంటుంది, వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని, వెనకబడిన చదువుకు విడిగా ట్రైనింగ్ ఇవ్వాలంటుంది. మా చెల్లెలు గొడవ పడలేదు, ఫోన్లో ఆ సెక్షన్ తెరిచి టేబుల్ మీద పెట్టి కూర్చుంది. పావుగంటకు రిజిస్టరు బయటికొచ్చింది.

మూడున్నర అయింది, పులుసు దొరకలేదు. రోడ్డు పక్కన దోసెలు తిని వచ్చేశాం.

పిల్లోడు పన్నెండు రోజులు బడికి పోయాడంట. తర్వాత పంట పట్టేశారు, గుంట ఎండేశారు, కుటుంబం ముత్తుకూరు వైపు ఇంకో గుంటకు పోయింది. నిన్న రాత్రి మా చెల్లెలు అన్నం తింటా అక్కడి సీఆర్పీకి ఫోన్లో గుర్తులు చెప్తోంది: "నీలం ట్యాంకు మేడం, పక్కన రెండు తాటిచెట్లు, పిల్లోడి చంకలో చిన్నపాప ఉంటాది, పొద్దున ఆరింటికే పోండి."