చలి ముదిరాక ట్రౌట్ వేట: మూడు ఖాళీ రోజులు, ఒక చేప

వేసవి అంతా తిరిగి, ఈకలు, దారాలతో పురుగులా కట్టిన ‘ఫ్లై’ అనే గాలాన్ని విసిరి చేపలు పట్టే ఫ్లై ఫిషింగ్‌లో ఎంతో కొంత చేయి తిరిగిందని అనుకుంటున్న నాకు, శరదృతువు చివరి వారాల్లో వరుసగా మూడుసార్లు ఒట్టి చేతులతో ఇంటికి రావలసి వచ్చింది. అది చేపలు లేని చెరువేమీ కాదు. హేచరీలో పెంచిన రెయిన్‌బో ట్రౌట్‌ను తెచ్చి వదిలే చెరువు. వేసవి ఉదయాల్లో గంటకొక చేపైనా నా గాలానికి తగిలిన చోటు. ఆ మూడు ఓటములకూ మూడు వేర్వేరు కారణాలున్నాయని తరువాత గాని నాకు అర్థం కాలేదు.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఒడ్డుకు చేరకముందే కుళ్ళిన బురద వాసన ముక్కుకు తగిలింది. నీరు పలచటి టీ డికాక్షన్ రంగుకు మారి ఉంది, చచ్చిన నాచు పీలికలు గుంపులుగా తేలుతున్నాయి. నాలుగు గంటలు లైన్ విసిరినా ఒక్క చేపా ముట్టలేదు. లోతున్న చెరువులో వేసవి నీరు పొరలుగా విడిపోతుంది: వెచ్చగా, తేలికగా ఉన్న నీరు పైన, చల్లగా, బరువుగా ఉన్న నీరు అడుగున, ఆ రెంటి మధ్య ఉష్ణోగ్రత ఉన్నట్టుండి పడిపోయే ఒక సన్నని పొర. అడుగు నీటికి గాలి తగలదు కనుక అక్కడి ఆక్సిజన్ రోజురోజుకూ తరిగిపోతుంది. చలి మొదలయ్యాక పైనీరు చల్లబడి, బరువెక్కి కిందికి దిగుతుంది; పొరల మధ్య తేడా దాదాపు చెరిగిపోయిన దశలో ఒక గట్టి గాలి వీచిందంటే చెరువు మొత్తం కలగాపులగమై, అడుగున కుళ్ళుతున్నదంతా పైకి వస్తుంది. అలాంటి రోజుల్లో చేపలు మేత మీద ధ్యాస పెట్టవు. నేను సరిగ్గా ఆ రోజుల్లోనే వెళ్ళాను. అందులో నా తప్పేమీ లేదు గాని, వాసన తగిలిన మరుక్షణమే వెనక్కి తిరిగి ఉండవలసింది.

రెండు వారాలు ఆగి, నీరు తేటపడిందని నిర్ధారించుకుని మళ్ళీ వెళ్ళాను. ఈసారి తప్పు పూర్తిగా నాదే. చలికాలంలో చేపలన్నీ లోతుకు పోతాయని ఎక్కడో విన్న మాటను పట్టుకుని, వేగంగా మునిగే లైన్ కట్టి, చెరువు నడుమకు వీలైనంత దూరం విసిరి, అడుగుకు దిగేదాకా అంకెలు లెక్కపెట్టి, వేసవిలో లాగినట్టే చకచకా లాగాను. ప్రతి మూడో విసురుకూ గాలానికి చెత్త పట్టుకుని వచ్చేది. నీరు కలిసిపోయాక పైనా కిందా ఉష్ణోగ్రతలో పెద్ద తేడా ఉండదు, ఆక్సిజన్ అన్నిచోట్లా ఉంటుంది. అలాంటప్పుడు చేపకు లోతుకు వెళ్ళవలసిన అవసరమే లేదు. తిండి ఎక్కడుంటే అక్కడికి వెళ్తుంది. ఆ తిండి ఇంకా పూర్తిగా చావని నాచు మొక్కల మధ్య, అంటే ఒడ్డు వారగా ఉంటుంది.

ఇంత తెలుసుకుని కూడా మూడోసారి ఓడిపోయాను. వేడర్లు, అంటే నీళ్ళలోకి దిగేందుకు వేసుకునే పొడవాటి రబ్బరు తొడుగులు, తొడుక్కుని తొడల లోతు నీళ్ళలోకి దిగి, అక్కడి నుంచి ఒడ్డుకు సమాంతరంగా లైన్ వేస్తున్నాను. కుడి కాలి వేడర్‌లోకి ఎక్కడి నుంచో నీళ్ళు కారి మేజోడు తడిసిపోయింది, వేళ్ళకు స్పర్శ తెలియడం మానేసింది. నాకు కొద్ది దూరంలో ఒక పెద్దాయన నీటిలో కాలైనా పెట్టకుండా, గట్టుకు పది అడుగులు వెనక నిలబడి, గడ్డి మీదుగా లైన్ వేస్తున్నారు. నా కళ్ళ ముందే రెండు చేపలు పట్టారు. చివరకు సిగ్గు విడిచి అడిగితే ఆయన నవ్వి, "మీరు చేపల మీద నిలబడి చేపల కోసం వెతుకుతున్నారండీ," అన్నారు. వెనక్కి తిరిగి చూస్తే, నేను దిగి వచ్చిన దారంతా బురద లేచి మబ్బుగా ఉంది. ఆ దారిలోనే చేపలు తిరిగేవట.

నాలుగోసారి వేడర్లు ఇంట్లోనే వదిలేశాను. దారం కట్టిన థర్మామీటర్‌ను నీటిలోకి దింపితే 7 డిగ్రీలు చూపించింది. ట్రౌట్ చల్లటి రక్తం గల జీవి కనుక నీరు ఇంత చల్లబడ్డాక దాని ఒంట్లో ప్రతి పనీ మందగిస్తుంది. తింటుంది గాని, దేని వెంటా పరుగెత్తదు. అందుకని నెమ్మదిగా మునిగే ఇంటర్మీడియట్ లైన్, దాని కొసకు కట్టే సన్నటి దారం, అదే లీడర్, పన్నెండు అడుగులది, దాని చివర జలగను పోలిన నల్లటి ఫ్లై. దానికి తోకగా కట్టిన ఈకను మారబూ అంటారు. పేరుకు అది ఒక కొంగ జాతిదే అయినా ఇప్పుడు దొరికేది ఎక్కువగా టర్కీ కోడి ఈకే. మనం కదపకపోయినా అది నీటిలో తనంతట తాను ఊపిరి తీస్తున్నట్టు ఆడుతుంది. చలి నీటికి అంతకంటే కావలసింది లేదు.

ఒడ్డు నుంచి వెనక్కి జరిగి, నాచు అంచు వెంబడి ముప్పై అడుగులకు మించకుండా వేశాను. ఇరవై లెక్కపెట్టి, లైన్‌ను ఎడమ చేతి వేళ్ళ చుట్టూ ఎనిమిది అంకెలా మెల్లగా చుట్టుకోవడం మొదలుపెట్టాను. ఎంత మెల్లగా అంటే, మధ్యలో విసుగు పుట్టి చేయి తనకు తానే వేగం పెంచబోయేది. దాన్ని అదుపు చేయడమే ఆ ఉదయం నేను చేసిన అసలు పని. అరగంట తరువాత లైన్ ఆగింది. గుంజడం లేదు, అదరడం లేదు, తడిసిన ఆకు తగిలినట్టు ఒక చిన్న బరువు మాత్రమే. నాచు అనుకుని వదిలేయబోయి, ఎందుకో రాడ్ పైకెత్తాను. ఆ నాచు ఒక్కసారిగా పక్కకు దూసుకుపోయింది.

వలలోకి వచ్చాక చూస్తే వెండిలా మెరిసే చేప, పక్కన గులాబీ రంగు చార, తోక అంచులు పదునుగా, నిండుగా ఉన్నాయి. హేచరీ తొట్టెల్లో ఒరుసుకుపోయిన తోక మళ్ళీ పెరిగిందంటే అది చెరువులో చాలా నెలలు బతికిందన్నమాట. ఆ తరువాత పట్టిన రెండో చేప ఇందుకు పూర్తిగా వేరు: నల్లబడిన మగది, కింది దవడ కొక్కెంలా వంగింది, ఒంటి నిండా జిగురు. పారే నీరు, గులకరాళ్ళు లేని చోట గుడ్లు పెట్టి పిల్లలు చేసే వీలు లేకపోయినా దాని ఒళ్ళు మాత్రం ఆ కాలానికి సిద్ధమైపోయింది. వెండి రంగు చేపలు చాలావరకు మూడు వరుసల క్రోమోజోములున్న ట్రిప్లాయిడ్లు. ఫలదీకరణ జరిగిన కొద్దిసేపటికి గుడ్లను వేడికి గాని, ఒత్తిడికి గాని గురిచేసి వాటిని తయారుచేస్తారు. వాటికి సంతానం కలగదు, అందుకే చలిలో కూడా కండ చెడదు. నల్లటి మగచేపను వదిలేశాను. ముళ్ళు లేని గాలం కనుక నీటిలోనే సులువుగా ఊడింది. గడ్డకట్టే చలిలో పైకెత్తితే మొప్పలు దెబ్బతింటాయి.

మొదటి చేపను నిబంధనల ప్రకారం ఉంచుకునే వీలుండటంతో ఇంటికి తెచ్చి, దాని కడుపులో ఉన్నదాన్ని తెల్లటి పళ్ళెంలో నీళ్ళు పోసి విడదీశాను. వంకర తిరిగిన చిన్న రొయ్యల్లాంటి గామరస్‌లు కొన్ని, వాటి మధ్య ఎర్రటి దారం ముక్కల్లా బురద పురుగులు. కుట్టని దోమ జాతి ఒకదాని పిల్లలవి. ఆక్సిజన్ తక్కువైన బురదలో బతకడానికి వాటి ఒంట్లో హిమోగ్లోబిన్ ఉంటుంది, ఎరుపు దానిదే. పళ్ళెంలో జలగ ఒక్కటీ లేదు. నా ఫ్లైని అది ఏమనుకుని నోట కరచుకుందో!

ఆ తరువాత ఇంకో రెండు ఉదయాలు వెళ్ళాను. రాడ్ కొసన ఉన్న రింగుల్లో నీటి బొట్లు గడ్డకట్టి లైన్ కదలకుండా పట్టుకునేవి. గోటితో గీకి, అది చాలక రాడ్ కొసను చెరువులో ముంచేవాడిని, నీరు గాలి కంటే వెచ్చగా ఉండేది కనుక. చివరి ఉదయం ఒడ్డు వారంతా గాజు రేకు పరచినట్టు మంచు కట్టి ఉంది. నేను వేసిన ఫ్లై దాని మీద పడి, టక్కుమని చప్పుడు చేసి, జారుకుంటూ వెళ్ళి ఆగిపోయింది. లైన్ చుట్టేసి, రీల్ విప్పి ఆరబెట్టాను.