స్టీరింగ్ వణికితే రోడ్డును తిట్టకండి

మా వ్యాగన్ఆర్‌కు కొత్త టైర్లు వేయించాక స్టీరింగ్ వణకడం మొదలైంది. గుంటూరులో తిరిగినంతసేపూ ఏమీ తెలియదు. చిలకలూరిపేట దాటి స్పీడు ఎనభైకి చేరేసరికి చేతుల్లో సన్నగా జివ్వుమంటుంది. తొంభై దగ్గర బాగా తెలుస్తుంది. నూరు దాటితే మళ్లీ తగ్గినట్టుంటుంది. "రోడ్డే అలా ఉంది" అని తేల్చేశారు మా ఆయన. రోడ్డు వల్లయితే ఆ స్పీడులోనే ఎందుకొస్తుంది?

టైర్లు వేసిన షాపువాళ్లే బ్యాలెన్సింగ్ కూడా చేశారు, బిల్లులో ఉంది. అంటే చక్రం బరువు చుట్టూ సమానంగా ఉండేలా రిమ్ముకు చిన్న చిన్న బరువు బిళ్లలు కొట్టడం. వాళ్ల దగ్గరికే తీసుకెళ్తే "అలైన్‌మెంట్ పోయుంటుంది మేడమ్" అన్నారు. అలైన్‌మెంట్ అంటే చక్రాలు తిన్నగా నిలిచే కోణం. అది పోతే బండి ఓ పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచునే అరుగుతుంది. నాది తిన్నగానే పోతోంది. బ్రేకు తొక్కినప్పుడే వణికితే డిస్కులు చూపించుకోవాలి, అదీ కాదు. స్పీడును బట్టి వచ్చి పోయే వణుకు చాలావరకు చక్రాలదే. స్టీరింగ్‌లో తెలిస్తే ముందువి, సీటు కింద తెలిస్తే వెనకవి.

ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేదాన్ని కదా, ఊరుకోలేక లెక్క వేశాను. 14 అంగుళాల రిమ్ము అంచున ఒకచోట 30 గ్రాములు ఎక్కువుందనుకోండి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో మా కారు చక్రం సెకనుకు సుమారు 15 సార్లు తిరుగుతుంది. అప్పుడా 30 గ్రాములు దాదాపు 5 కిలోల బరువంత బలంతో చక్రాన్ని బయటికి గుంజుతాయి, అదీ ప్రతి చుట్టులోనూ. 50లో పోతే అందులో నాలుగో వంతే. ఊళ్లో తెలియకపోవడానికి కారణం అదే. క్లాసులో తాడుకు కట్టిన రాయి ఉదాహరణ మానేసి ఇప్పుడు ఇదే చెబుతున్నాను.

ఆటోనగర్‌లో ఇంకో షాపుకెళ్లాను. అక్కడి పెద్దాయన చక్రాన్ని వెంటనే బ్యాలెన్సింగ్ మిషన్‌కు ఎక్కించలేదు. తిరగేసి చూసి, లోపల ఎండి అతుక్కున్న బురదను స్క్రూడ్రైవర్‌తో గీకారు. టైర్లు కొత్తవేగానీ రిమ్ములు పాతవే మరి. పాత సీసం బిళ్లలు కూడా అలాగే ఉన్నాయి. "ఇవి పీకకుండానే పక్కన కొత్తవి కొట్టేశారమ్మా" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. బిళ్లలకు గ్రాముకింత అని విడిగా లెక్కగట్టే షాపులు బోలెడు. బురద గీకి, పాతవి పీకితే తక్కువ గ్రాములు సరిపోతాయి. గ్రాములు అమ్ముకునేవాడికి బురద గీకే ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? అందరూ అంతేనని అనను గానీ, ఏసీ గదిలో టీవీ చూస్తూ కూర్చోకుండా మిషన్ పక్కన నిలబడటం మంచిది.

అక్కడ చూడాల్సినవి పెద్దగా ఏమీ లేవు. రిమ్ము కొలతలు మిషన్‌కు ఇస్తున్నారా, అంతకుముందు చేసిన బండివే వదిలేశారా? కొలత తప్పితే అది చూపించే గ్రాములూ తప్పే. చక్రాన్ని మిషన్‌కు పట్టి ఉంచే కోన్ రిమ్ము మధ్య కన్నంలో సరిగ్గా కూర్చోవాలి. తిప్పాక లోపలి అంచుకొకటి, బయటి అంచుకొకటి అంకెలు వస్తాయి. బిళ్లలు కొట్టాక మళ్లీ తిప్పాలి, రెండు వైపులా సున్నా రావాలి. కొందరు ఈ రెండోసారి తిప్పడమే ఎగ్గొడతారు. మొహమాటపడకుండా అడగండి.

ఒక చక్రానికి మిషన్ 80 గ్రాములకు పైనే అడిగింది. పెద్దాయన బిళ్ల అందుకోకుండా గాలి తీసేసి, టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి మళ్లీ గాలి కొట్టారు. టైరులో బరువైన చోటూ రిమ్ములో బరువైన చోటూ ఒకే పక్కన పడ్డాయట. ఈసారి 25 చాలంది. అది చూశాక ఆయన ఎంతడిగినా ఇవ్వాలనిపించింది.

నట్లు కూడా గన్‌తో దడదడలాడించకుండా ఎదురెదురుగా చేత్తో బిగించారు. "స్టెప్నీ కూడా చేసేయండి" అన్నాను. అది ఎవరూ చేయించుకోరట. పంక్చరైన రోజున నెల్లూరు దాకా దాని మీదే పోవాల్సి వస్తే? డిక్కీలో సామాన్లు కిందకు దించి మరీ తీయించాను.