రెండు టీమ్‌లని ఒకటి చేసే పనిలో నాకు దారి చూపించిన పుస్తకం

మా కంపెనీ ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీని కొన్నది. వాళ్ల టీమ్‌నీ మా టీమ్‌నీ కలిపి ఒకటిగా నడపమని ఆ పని నాకు అప్పజెప్పారు. మేనేజర్‌గా అనుభవం ఉంది కానీ ఇలాంటిది ఎప్పుడూ చెయ్యలేదు. అవతలివాళ్లకి తమ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు, మావాళ్లకి కొత్తవాళ్లు ఎందుకొస్తున్నారో తెలీదు, అందరూ నా మొహం చూస్తున్నారు. ఆ టెన్షన్‌లో ఉండగా బాబ్ ఐగర్ 2019లో డిస్నీ సీఈఓగా ఉన్నప్పుడు తన ఉద్యోగ జీవితం గురించి రాసిన పుస్తకం చేతికొచ్చింది. పెద్ద కంపెనీల అధిపతులు రాసుకునే పుస్తకాల మీద నాకు పెద్దగా గురి లేదు. ఎక్కడ చూసినా గెలుపులే ఉంటాయి, రోజువారీ పని ఎలా జరిగిందో ఉండదు. ఇది మాత్రం వదలకుండా చదివించింది. ఎందుకంటే ఐగర్ కంపెనీలు కొనడానికి చాలా ముందే, తను పనిచేసే కంపెనీ ఇంకొకళ్ల చేతికి వెళ్లిపోవడం రెండుసార్లు చూసినవాడు.

1974లో అమెరికాలోని ఏబీసీ టీవీలో స్టూడియో పనులు చూసుకునే కింది స్థాయి ఉద్యోగిగా చేరాడు. 1985లో క్యాపిటల్ సిటీస్ అనే కంపెనీ, ఏబీసీ కంటే ఎంతో చిన్నది, ఏబీసీని 350 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. పదేళ్ల తర్వాత 1995లో ఆ రెండిటినీ కలిపి డిస్నీ 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు చెప్పింది. మొదటిసారి వచ్చిన యజమానులు టామ్ మర్ఫీ, డాన్ బర్క్. ఖర్చు దగ్గర గట్టివాళ్లే, కానీ సమర్థులని నమ్మి పని అప్పగించి పక్కకి తప్పుకునేవాళ్లు. అప్పటిదాకా క్రీడా విభాగంలో పెరిగిన ఐగర్‌ని, వినోద కార్యక్రమాల అనుభవం ఏమీ లేకపోయినా, 1989లో ఏబీసీ వినోద విభాగానికి అధిపతిని చేశారు. కొత్త యజమాని వస్తే కింద ఉన్నవాళ్ల కడుపులో ఏం తిరుగుతుందో అతనికి తెలుసు. ఆ తర్వాత అతను చేసిన పనులన్నిట్లో నాకు ఇదే కనిపిస్తుంది.

యానిమేషన్ సినిమాలు తీసే పిక్సార్ కంపెనీ వ్యవహారమే చూడండి. 2005 సెప్టెంబర్‌లో హాంకాంగ్ డిస్నీలాండ్ ప్రారంభంలో ఊరేగింపు చూస్తూ ఐగర్ ఒక సంగతి గమనించాడు. వెనకటి పదేళ్లలో పుట్టిన పాత్రల్లో జనం గుర్తుపడుతున్నవన్నీ పిక్సార్‌వే, డిస్నీ సొంతంగా చేసినవి ఒక్కటీ లేవు. అప్పటికి రెండు కంపెనీల మధ్య సంబంధాలు బాగా చెడి ఉన్నాయి. సీఈఓ కుర్చీలో కూర్చున్న కొత్తలోనే అప్పటి పిక్సార్ అధిపతి స్టీవ్ జాబ్స్‌కి ఫోన్ చేసి, పిక్సార్‌ని డిస్నీ కొంటే ఎలా ఉంటుందని అడిగేశాడు. తర్వాత ఇద్దరూ ఒక వైట్‌బోర్డు ముందు లాభనష్టాలు రాసుకున్నారు. నష్టాల వైపు బోర్డు నిండిపోయింది, డిస్నీ పద్ధతులు పిక్సార్‌ని నాశనం చేస్తాయన్న భయం కూడా అందులో ఉంది. లాభాల వైపు నాలుగైదు మాటలే. కానీ గట్టి లాభాలు కొన్ని ఉంటే డజన్ల కొద్దీ నష్టాల కంటే వాటికే బరువెక్కువ అన్నది జాబ్స్ లెక్క. 2006 జనవరిలో 740 కోట్ల డాలర్లకు ఒప్పందం ప్రకటించారు.

డబ్బు సంగతి అలా ఉంచితే, నేను రెండుసార్లు చదివిన భాగం ఇంకొకటుంది. పిక్సార్‌లో ఏవేవి మార్చకూడదో ముందే కాగితం మీద పెట్టుకున్నారు. బిల్డింగ్ మీద పేరు పిక్సార్ అనే ఉంటుంది, ఉద్యోగుల ఈమెయిల్ చిరునామాలు మారవు, కొత్తవాళ్లని ఆహ్వానించే అలవాట్లు అలాగే సాగుతాయి. కోట్ల డాలర్ల బేరంలో ఈమెయిల్ చిరునామా ఏపాటిది అనిపిస్తుంది. కొనేవాడి వైపు నుంచి చూస్తే చిన్నదే, రోజూ పొద్దున్నే దాన్ని తెరిచేవాళ్లకి మాత్రం కాదు. పైగా పిక్సార్‌ని నడిపిన ఎడ్ క్యాట్‌ముల్, జాన్ లాసెటర్‌లకే డిస్నీ యానిమేషన్ కూడా అప్పగించాడు. అంటే కొన్నవాళ్ల స్టూడియోని నడపడానికి అవతలివాళ్లని తెచ్చి కూర్చోబెట్టాడన్నమాట.

అది చదివాక, అవతలి టీమ్‌తో పెట్టాల్సిన మొదటి మీటింగ్ ఎజెండా మొత్తం మార్చేశాను. మా పద్ధతులు వివరించే స్లైడ్లు తీసేసి, మీ దగ్గర ఏది మారకూడదో చెప్పండి అని అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వాళ్లలో సీనియర్ అయిన ఆవిడ, "మా రిలీజ్ షీట్ ఉంటుందా పోతుందా అండీ? అది తేల్చండి ముందు" అన్నారు. తెరిచి చూపించమన్నాను. సాఫ్ట్‌వేర్ బయటకి వదిలేముందు చూసుకునే మామూలు స్ప్రెడ్‌షీటే. ప్రతి ఫీచర్ పక్కన టెస్ట్ పాసా ఫెయిలా అని ఒక గడి, దాని పక్కన ఇంకో గడి: టెస్ట్ పాసైనా టెస్టర్‌కి మనసులో అనుమానం ఉంటే అక్కడ రాయాలి. "పేమెంట్ పేజీ పనిచేస్తోంది, కానీ నెట్ నెమ్మదిగా ఉంటే రెండుసార్లు నొక్కుతారేమో" అని ఎవరో రాశారు. దాని కింద డెవలపర్ జవాబు, ఆ కింద తేదీతో సహా సరిచేసిన వివరం. మేం టెస్టుల లెక్క రాసుకునే టూల్‌లో అలాంటి గడే లేదు, పాస్ అంటే పాస్, అంతే.

మావాళ్లు మాత్రం అందరూ మా టూల్‌కే రావాలని పట్టుబట్టారు. వాళ్ల వాదనలోనూ న్యాయం ఉంది, రెండు చోట్ల సమాచారం ఉంటే లెక్క కుదరదు. రెండు వైపులవాళ్లనీ ఒకే బోర్డు ముందు నిలబెట్టి లాభనష్టాలు రాయించాను. నష్టాల వైపు పొడుగ్గా సాగింది. లాభాల వైపు మాత్రం, ఆ అనుమానాల గడి వల్ల ముందే దొరికిపోయిన తప్పుల జాబితాని ఆవిడ ఒక్కొక్కటే రాసుకుంటూ వెళ్లారు. మా సీనియర్ డెవలపర్ అది చివరిదాకా చదివి, మన టూల్‌లోనే ఆ గడి పెట్టేద్దాం అన్నాడు. పెట్టేశాం. వాళ్ల షీట్ ఆగింది, పద్ధతి మాత్రం మొత్తం టీమ్‌కి వచ్చింది.

ప్రాధాన్యాల విషయంలోనూ పుస్తకం పనికొచ్చింది. సీఈఓ పదవి కోసం డిస్నీ డైరెక్టర్ల బోర్డు ముందుకి వెళ్లేటప్పుడు ఐగర్ మూడే చెప్పాడు: నాణ్యమైన కంటెంట్, టెక్నాలజీ, ప్రపంచమంతా విస్తరించడం. తర్వాత మార్వెల్, లూకాస్‌ఫిల్మ్ కంపెనీలు కొనడం, డిస్నీ ప్లస్ స్ట్రీమింగ్ మొదలుపెట్టడం, ఏది చూసినా ఆ మూడిట్లో ఒకదాని కిందకి వస్తుంది. నేనూ మూడే రాసి ప్రతి సోమవారం మెయిల్లో అవే పంపేవాణ్ణి. విసుగొచ్చేలా పంపాను, అలా పంపాలి కూడా.

కష్టమైంది ఇంకోటి. రెండు టీమ్‌లలోనూ ఒకే పని చేసేవాళ్లుంటే ఒక పోస్టు పోతుంది, తప్పదు. ఇక్కడా పుస్తకంలోని ఒక సంగతి గుర్తొచ్చింది. 2016 జూన్‌లో షాంఘై డిస్నీలాండ్ ప్రారంభానికి ముందురోజు, ఫ్లోరిడాలోని డిస్నీ రిసార్ట్‌లో మొసలి పసివాణ్ణి లాక్కెళ్లి చంపేసింది. ఐగర్ చైనా నుంచి తనే ఆ పిల్లవాడి తండ్రికి ఫోన్ చేశాడు, లాయర్లకి వదిలెయ్యలేదు. మా సంగతి దాని ముందు ఏపాటిది! అయినా హెచ్ఆర్ మెయిల్ వెళ్లకముందే ఆ మనిషితో నేనే కూర్చుని మాట్లాడాను. కారణం దాచకుండా చెప్పాను, ఇంకో విభాగంలో ఖాళీ ఉంటే అక్కడి మేనేజర్‌తో ఆ పూటే మాట్లాడాను. ఆయన అక్కడికి మారారు.

పుస్తకంలో నాకు నచ్చనిది వారసత్వం గురించిన భాగం. ఎక్కువ కాలం అధికారంలో ఉండటం మంచిది కాదని రాసిన ఐగర్ 2020 ఫిబ్రవరిలో సీఈఓ పదవి వదిలాడు, 2022 నవంబర్‌లో బోర్డు మళ్లీ పిలిపించింది. అంత పెద్ద కంపెనీలోనే తర్వాతి మనిషి కుదురుకోవడం ఇంత కష్టమైతే, మా టీమ్‌లో అది తనంతట తనే జరుగుతుందని ఎలా అనుకుంటాను? అందుకే ఇప్పుడు రిలీజ్ మీటింగ్ పూర్తిగా ఆ సీనియర్ ఆవిడకే అప్పజెప్పాను. నేను గదిలో ఉంటే అందరూ నా వైపే తిరిగి మాట్లాడుతున్నారని ఆ మీటింగ్‌కి వెళ్లడం కూడా మానేశాను.