బెయిలొచ్చినా బయటికి రాడేం? జామీను కాగితాల సంగతి

“బెయిలొచ్చిందన్నారు గదా, మావోణ్ని ఇంకా ఒగ్గరేటి?” శ్రీకాకుళం కోర్టు ఆవరణలో ఈ మాట తరచూ వినబడుతుంది. అడిగేవాళ్ల తప్పేం లేదు. బెయిల్ వచ్చిందని చెప్పినవాళ్లు ఆ తర్వాత చేయాల్సిన పని చెప్పరు.

ఉత్తర్వులో సాధారణంగా “పదివేలకు సొంత బాండు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులు” అని ఉంటుంది. ఆ పదివేలు ఎవరూ కట్టక్కర్లేదు. ముద్దాయి వాయిదాలకు రాకపోతే అంత మొత్తానికి నాదీ పూచీ అని జామీనుదారు రాసిచ్చే మాట అది; ముద్దాయి తనకు తానే అలా రాసిచ్చేది సొంత బాండు. “కోర్టులో కట్టాలి” అని ఎవరైనా డబ్బు అడిగితే రసీదు అడగండి.

జామీన్లు ఎక్కడ పెట్టాలన్నదాని దగ్గరే మొదటి తికమక. బెయిల్ శ్రీకాకుళం జిల్లా కోర్టు ఇచ్చినా, హైకోర్టు ఇచ్చినా, కేసు సోంపేట మేజిస్ట్రేటు దగ్గరుంటే జామీనుదారులు మామూలుగా సోంపేట వెళ్లాలి. ఏ కోర్టులో పెట్టాలో ఉత్తర్వులోనే రాసి ఉంటుంది. అది చదివించుకోకుండా మనుషుల్ని వేసుకుని బస్సెక్కితే ఒక రోజు కూలి పోయినట్టే.

ఇక కాగితాలు. ఆధార్, ఫొటోలు అందరూ తెస్తారు. చిక్కంతా ఆస్తి రుజువుతోనే. పొలం చూపిస్తే పట్టాదారు పాస్‌బుక్, తాజా 1బి (భూమి ఎవరి పేరున ఉందో చెప్పే రికార్డు), అడంగల్ (సాగు వివరాల రికార్డు). ఇల్లు చూపిస్తే పన్ను రసీదు, పంచాయతీ కార్యదర్శి ఇచ్చిన విలువ పత్రం. ఉద్యోగి అయితే జీతం సర్టిఫికెట్. కొన్ని కోర్టులు ఇంత ఆస్తి ఉందని తహసీల్దారు ఇచ్చే సాల్వెన్సీ పత్రం కూడా అడుగుతాయి. ఏ కోర్టు ఏది అడుగుతుందో ప్లీడరు గుమస్తాకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, ముందురోజే అడిగి పెట్టుకోవాలి.

తిప్పి పంపే కారణాలు చాలావరకు మన పల్లెల భూముల్లోనే ఉన్నాయి. ఉద్దానంలో జీడితోట సాగుచేసేది మనవడు, 1బిలో పేరు ఎప్పుడో పోయిన తాతది. మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు, కాలేదు కాబట్టి ఆ తోట అతను చూపలేడు. రీసర్వే అయిన ఊళ్లలో పాత పాస్‌బుక్ మీద సర్వే నంబరు, కొత్త రికార్డులో భూమి పటానికి ఇచ్చిన ఎల్‌పీఎం నంబరు; రెండూ ఒకే చెక్క అని చెప్పే కాగితం లేకపోతే అక్కడే ఆగిపోతుంది. మందస, మెళియాపుట్టి కొండ ఊళ్లలో చాలామందికి ఉన్నది అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టా. అది వారసులకు వెళ్తుంది గానీ అమ్మడానికి వీల్లేదు, అందుకని జామీనుకు విలువ కట్టడానికి కోర్టులు వెనకాడతాయి. ప్రభుత్వం పేదలకు సాగుకిచ్చిన భూమి డీపట్టాకీ తరచూ ఇదే తంటా. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, పాస్‌బుక్‌లో ఒకలా ఉండడం చిన్న విషయంలాగే కనిపిస్తుంది, ఒక్కోసారి దానికే అఫిడవిట్ రాయించాల్సి వస్తుంది.

ఇంట్లోవాళ్లు దొరక్కపోతే కోర్టు బయట అద్దె జామీనుదారులు దొరుకుతారు. వద్దు. ఇంతకుముందు ఎంతమందికి, ఎవరెవరికి జామీను ఉన్నారో ప్రతి జామీనుదారూ కోర్టుకు రాసివ్వాలని బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 486వ సెక్షన్ చెబుతోంది. ఒకే పన్ను రసీదు నాలుగు కేసుల్లో కనబడితే, అది నకిలీదని తేలితే, మీవాడి బెయిల్‌కే ఎసరు వస్తుంది.

మనవాళ్లలో చాలామంది చెన్నైలోనో హైదరాబాద్‌లోనో పనిచేస్తుంటారు. అక్కడ కేసైతే “లోకల్ జామీనే కావాలి” అంటారు. ఇది పాత గొడవే. 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీ కేసులో, అన్నదమ్ముడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు జామీను కాదన్నారు. జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని తప్పుపట్టి, వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదలమన్నారు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మళ్లీ అదే చెప్పింది: లోకల్ జామీను పట్టుబట్టడం వల్ల విడుదల ఆలస్యమవుతుంటే ఆ షరతు పెట్టకపోవడం మేలని. అడిగితేనే ఇది పనికొస్తుంది, లాయరు చేత పిటిషన్‌లో రాయించండి.

జామీనుదారులే లేనివాళ్లకీ దారులున్నాయి. బెయిలబుల్ నేరమై (బెయిల్ హక్కుగా దొరికేది), అరెస్టయి వారం దాటినా జామీను తేలేకపోతే అతన్ని నిరుపేదగా భావించి సొంత బాండు మీదే వదలాలి, ఇది అదే చట్టంలో 478వ సెక్షన్. మొత్తం మరీ ఎక్కువైతే తగ్గించమని 484 కింద సెషన్స్ కోర్టును గానీ హైకోర్టును గానీ అడగొచ్చు. జామీనుకు బదులు నగదు కడతామని 490 కింద అడగొచ్చు. ఒప్పుకోవడం కోర్టు ఇష్టం. నాన్‌బెయిలబుల్ కేసులో బెయిల్ వచ్చి 7 రోజులైనా మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు చెప్పాలి. నెల దాటినా బాండ్లు పెట్టలేకపోతే షరతులు సడలించాలా అని కోర్టు తనంతట తానే చూడొచ్చు. ఈ రెండూ ఆ 2023 ఉత్తర్వులోవే. జైల్లో ఉన్నవాళ్లకి, మహిళలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరు దొరుకుతారు, 15100కి ఫోన్ చేయండి.

బాండ్లు తీసుకున్నాక కోర్టు రిలీజ్ ఆర్డరు రాస్తుంది. అది అంపోలులోని జిల్లా జైలుకు లాకప్ వేళలోగా చేరకపోతే విడుదల మర్నాటికే. ఇంకో కేసులో పీటీ వారెంటు (జైల్లో ఉన్నవాణ్ని ఆ కేసు కోర్టుకు తెమ్మనే ఆర్డరు) ఉంటే ఆర్డరు చేరినా వదలరు. అందుకే మిగతా కేసులేమైనా ఉన్నాయా అని ముందే కనుక్కోవాలి.

జామీను సంతకం పెట్టబోయేవాళ్లకి ఒక మాట. ముద్దాయి వాయిదా ఎగ్గొడితే అతనికి నాన్‌బెయిలబుల్ వారెంటు, మీకు 491 కింద నోటీసు వస్తాయి. బాండు మొత్తం ఎందుకు కట్టనక్కర్లేదో వచ్చి చెప్పుకోవాలి. కోర్టు కొంత తగ్గించనూవచ్చు. చెప్పుకోక, కట్టక, వసూలూ కాకపోతే 6 నెలల దాకా సివిల్ జైలు ఉంది. అందుకని ముద్దాయి వలస పోతున్నాడని తెలిస్తే, రాలేని వాయిదాకు లాయరు చేత గైర్హాజరు పిటిషన్ వేయించమని అతన్నే తొందరపెట్టండి. వినే రకం కాకపోతే మీరే కోర్టుకెళ్లి 489 కింద మీ జామీను రద్దు చేయమని అడగొచ్చు. అప్పుడు కోర్టు అతన్ని పిలిపించి కొత్త జామీనుదారుని తెచ్చుకోమంటుంది, తేలేకపోతే మళ్లీ జైలుకే పంపొచ్చు.